హ్వాంగ్‌షాన్ కొండ ప్రయాణం: నాన్నగారికి, అమ్మకి

హాంగ్‌జౌ,
ఆదివారం రాత్రి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఆఫీసు మామూలే. వేళకి తింటున్నాను, అమ్మ బెంగ పెట్టుకోవద్దు. మీరూ తమ్ముడూ ఇక్కడికి, చైనాకి, వచ్చినప్పుడు మనం నలుగురం వెళ్ళాల్సిన హ్వాంగ్‌షాన్ కొండ సంగతి మొన్న ఫోన్లో సగంలోనే ఆగిపోయింది. మీరు "చూద్దాంలే" అన్నారు, అమ్మ "నా మోకాళ్ళతో నేనెక్కడికి" అంది. కాగితం మీద ఉంటే తీరిగ్గా చదువుకుంటారని, తమ్ముడు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చేసుకుంటాడని ఇదంతా రాస్తున్నాను.

నాన్నగారూ, "అలిపిరి నడకదారిన ఎక్కినవాళ్ళం, ఇదెంత" అన్నారు. తిరుమలకి 3,550 మెట్లు ఎక్కుతాం నిజమే, కానీ దిగేది బస్సులో. హ్వాంగ్‌షాన్‌లో కేబుల్ కారు పైకి చేర్చాకే మెట్లు మొదలవుతాయి. ఒక శిఖరం ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఇంకోటి ఎక్కాలి. అన్నిటికన్నా ఎత్తైన లోటస్ శిఖరం 1,864 మీటర్లు, అంటే గాలి పలచబడి ఆయాసం వచ్చేంత ఎత్తు కాదు, మీ బీపీకి ఆ భయం అక్కర్లేదు. కష్టమల్లా దిగేటప్పుడు మోకాళ్ళకే. రాయిని తొలిచిన మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, తడిస్తే జారతాయి. అందుకే అమ్మ దారి వేరుగా, మీదీ తమ్ముడిదీ వేరుగా వేశాను. 1979 జులైలో చైనా నాయకుడు డెంగ్ షియావోపింగ్ తన 75వ ఏట ఈ కొండ కాలినడకన ఎక్కాడని ఇక్కడ గొప్పగా చెబుతారు. అది విని అమ్మని తొందరపెట్టకండి.

ఎప్పుడు రావాలంటే, ఏప్రిల్ రెండో వారం, మూడో వారం. ఉగాది, శ్రీరామనవమి అయిపోతాయి, ఆవకాయ పెట్టే వేళకి అమ్మ ఇంటికి చేరుతుంది. ఏప్రిల్ మొదట్లో చింగ్‌మింగ్ అని వీళ్ళ పెద్దల పండగ సెలవులుంటాయి, మే ఒకటి నుంచి ఇంకో ఐదు రోజులు సెలవులు. ఆ రెంటి మధ్య రావాలి. అక్టోబరు మొదటి వారం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. అప్పుడు దేశమంతా సెలవే, కేబుల్ కారు వరసలోనే పూట గడిచిపోతుంది. మనం వెళ్ళేది కూడా మంగళ, బుధవారాల్లో. శనివారం రాత్రి పైన హోటళ్ళ రేట్లు బాగా పెరుగుతాయి.

తమ్ముడూ, వీసా సంగతి నీకు. పది రోజులు వీసా లేకుండా ఉండొచ్చని ఎవరో చెప్పారన్నావు. ఆ 240 గంటల సదుపాయం ఉన్న దేశాల జాబితాలో ఇండియా లేదు. దాన్ని నమ్ముకుని టికెట్లు కొనకు. ఇక్కడ ఉద్యోగం చేసే వాళ్ళ కుటుంబానికి ఇచ్చే ఎస్2 వీసాకి పెట్టాలి. నా ఆహ్వానపత్రం, నా పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కాపీలు నేను పంపుతాను. నేను అమ్మానాన్నల కూతుర్నని చూపించే కాగితం నువ్వు తీయాలి, అంటే నా బర్త్ సర్టిఫికెట్. అందులో అమ్మ పేరు స్పెల్లింగు, ఆవిడ పాస్‌పోర్టులో స్పెల్లింగు అక్షరం అక్షరం పోల్చి చూడు. తేడా ఉంటే ఇప్పుడే తెలియాలి, దరఖాస్తు రోజున కాదు. రైలు టికెట్లు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే తీస్తాను, ఇంటిపేరు ముందు, తర్వాత మొత్తం పేరు. అందుకని ముగ్గురి పాస్‌పోర్టుల మొదటి పేజీలూ ఫొటో తీసి పంపు, నీడ పడకుండా.

వచ్చిన రోజు మా ఇంట్లోనే ఉంటారు కాబట్టి 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో మీ పేర్లు నమోదు చేయించాలి. నాన్నగారూ, పోలీస్ స్టేషన్ అనగానే కంగారు పడకండి. విదేశీయులందరికీ ఇదే పద్ధతి, హోటల్లో దిగితే ఆ పని హోటలు వాళ్ళే చేస్తారు, ఇంట్లో దిగితే మనం వెళ్ళాలి, అంతే.

హాంగ్‌జౌ తూర్పు స్టేషన్ నుంచి హ్వాంగ్‌షాన్ ఉత్తర స్టేషన్‌కి హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. అక్కడినుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే కొండ అడుగున థాంగ్‌కౌ అనే ఊరు వస్తుంది. తమ్ముడూ, నువ్వు హోటలు వెతికి పంపిన లింకులో పొరపాటుంది. హ్వాంగ్‌షాన్ అనే పేరు మూడింటికి ఉంది: కొండకీ, జిల్లా కేంద్రం లాంటి నగరానికీ, కొండకి ఉత్తరాన ఉన్న ఇంకో ప్రాంతానికీ. నువ్వు చూసింది నగరంలో, థున్‌షీ అనే చోట. అక్కడినుంచి కొండకి గంటకి పైగా పడుతుంది. అక్కడ దిగితే పొద్దున్నే కేబుల్ కారు అందుకోలేం. చిరునామాలో థాంగ్‌కౌ అని ఉంటేనే సరి. బస్సులు సాయంత్రం దాటితే దొరకవు, అందుకని రైలు మధ్యాహ్నానికే చేరేట్టు తీస్తాను.

మొదటి రాత్రి థాంగ్‌కౌలో పడుకుంటాం. పెద్ద సూట్‌కేసులు అక్కడే వదిలేయాలి. ఎందుకంటే పైన మోసేవాళ్ళం మనమే, హోటళ్ళు మెట్ల దారుల మీద ఉంటాయి, వాకిట్లోకి ఏ బండీ రాదు. తలా ఒక వీపు సంచి, అందులో ఒక్క జత బట్టలు, మందులు, నీళ్ళు. పాస్‌పోర్టు మాత్రం సూట్‌కేసులో మర్చిపోకూడదు. అదే ఇక్కడ కొండ టికెట్టు, అదే పైన హోటలు గదికి తాళం. జిరాక్సు చూపిస్తే గది ఇవ్వరు. అమ్మా, నీ నల్ల హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో పెట్టుకో, నాన్నగారిది కూడా నువ్వే ఉంచు.

పొద్దున ఆరున్నరకల్లా బస్సు వరసలో ఉండాలి. బస్సుకి 19 యువాన్లు, ప్రవేశానికి 190, యున్‌గు కేబుల్ కారుకి 80. అమ్మ దిగేది కూడా అదే కేబుల్ కారులో, మళ్ళీ బస్సు. అన్నీ కలిపితే 388 యువాన్లు. యువాను 12 రూపాయల లెక్కన 4,650 రూపాయల దాకా. ఇది రాయితీలేవీ లేకుండా వేసిన లెక్క. పైన హోటలు మాత్రం ఖరీదే, మీరు గొడవ చేయకండి. బియ్యం దగ్గర్నుంచి దుప్పట్ల దాకా కేబుల్ కారు దాటాక మనుషులే కావడి మీద మోస్తారు, మాసిన దుప్పట్లు కూడా కిందికి మోసి ఉతికించాలి. మెట్ల మీద ఆ కావడి వాళ్ళు ఎదురవుతారు. ఒక చేతిలో పొట్టి కర్ర ఉంటుంది. అలసట తీర్చుకోవాలంటే కావడి కిందికి దించరు, ఆ కర్రని దాని కింద ఆనించి బరువంతా దాని మీద వేసి నిలబడి ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు మనం కొండ గోడ వైపుకి ఒదిగి దారి ఇవ్వాలి, లోయ వైపుకి కాదు.

ఒక రాత్రి పైన ఎందుకు ఉండాలంటారా? పొద్దున వెళ్ళి సాయంత్రం దిగేవాళ్ళు చాలామందికి మబ్బు తప్ప ఏమీ కనపడదు. ఏడాదిలో సగం రోజులు ఇక్కడ వానే, మంచు కమ్మే రోజులు ఇంకా ఎక్కువ. పైన ఉంటే ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము, రెండు అవకాశాలు దొరుకుతాయి. వాన పడి వెలిసిన మర్నాడు పొద్దున అయితే లోయంతా మబ్బు నిండి శిఖరాలు మాత్రం పైకి తేలతాయి. అందుకే పైన ఒక్కో వైపుని ఒక్కో సముద్రం అన్నారు. బేహాయ్ అంటే ఉత్తర సముద్రం, షీహాయ్ అంటే పడమటి సముద్రం. అమ్మా, నువ్వు మ్యాపులో చూసి అడిగిన సముద్రం అదే, నీళ్ళది కాదు.

కేబుల్ కారు దిగాక బేహాయ్ హోటలుకి ఎక్కుతూ దిగుతూ గంట నడక. అమ్మతో అయితే గంటన్నర వేసుకున్నాను. మధ్యలో ప్రతి మలుపు దగ్గరా కూర్చోడానికి రాతి బల్లలున్నాయి. థాంగ్‌కౌలో చేతికర్రలు చవగ్గా అమ్ముతారు, రెండు కొందాం. దిగేటప్పుడు కర్ర ముందు మెట్టు మీద, తర్వాత కాలు, పక్కకి తిరిగి దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నొప్పి మరీ ఎక్కువైతే శబరిమలలో డోలీ లాంటిది ఇక్కడా ఉంది, ఇద్దరు మోస్తారు. ఎక్కకముందే ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఇద్దరికీ కలిపి ఎంత అన్నది ఫోన్లో అంకెలు నొక్కి చూపించి ఒప్పించాలి. లేకపోతే దిగాక తలా అంత అంటారు. అమ్మా, మనుషుల మీద ఎక్కనని అంటావని తెలుసు. ఆ పూటకి వాళ్ళ ఇల్లు గడిచేది దానితోనే. నా కోసం ఒప్పుకో.

సాయంత్రం పొద్దు గుంకడం షీహాయ్ వైపు చూస్తాం. మర్నాడు ఏప్రిల్‌లో ఐదున్నర అటూఇటూ సూర్యోదయం. బేహాయ్ నుంచి చింగ్‌ల్యాంగ్ థాయ్ అనే రాతి అరుగు దగ్గరే, అమ్మ కూడా రాగలదు. నలుగురం నాలుగున్నరకే లేస్తేనే రెయిలింగు దగ్గర చోటు. గదిలో దళసరి కోట్లు పెడతారు, అవి వేసుకోవచ్చు. అయినా స్వెట్టరు, మంకీ క్యాపు తేవాలి. తెల్లారుజామున చలికి చేతులు కొంకర్లు పోతాయి. గొడుగు వద్దు. గాలికి తిరగబడుతుంది, ఇరుకు దారిలో ఎదుటివాళ్ళ కంట్లో గుచ్చుకుంటుంది, పిడుగుల భయం ఒకటి. రెయిన్‌కోటే మంచిది. అమ్మా, చీర అంచు తడిస్తే మెట్ల మీద కాళ్ళకి చుట్టుకుంటుంది. ఆ రెండు రోజులూ పంజాబీ డ్రెస్సు వేసుకో, పెళ్ళికి పిన్ని కుట్టించింది ఉందిగా.

ఫలహారం అయ్యాక రెండు జట్లవుతాం. నాన్నగారూ, మీరూ తమ్ముడూ గ్వాంగ్‌మింగ్‌డింగ్ శిఖరం మీదుగా యూపింగ్ వైపు వెళ్ళండి. అక్కడే యింగ్‌ఖెసోంగ్, అతిథుల్ని ఆహ్వానించే చెట్టు, రాతి పగులులోంచి పుట్టి ఒక కొమ్మని చెయ్యి చాచినట్టు పక్కకి చాపిన పైన్ చెట్టు. దాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండడానికే ఒక మనిషిని పెట్టారు. ఆ దారి చివరి భాగం నిలువు మెట్లు, నాలుగు గంటలు వేసుకోండి. తర్వాత యూపింగ్ కేబుల్ కారు, 90 యువాన్లు. నేనూ అమ్మా వచ్చిన దారినే యున్‌గుకి దిగి థాంగ్‌కౌలో మీకోసం చూస్తాం. లోటస్ శిఖరం, థ్యెన్‌డు శిఖరం రెంటిలో ఒకటి మూసి ఉంటుంది. చెట్లు కోలుకోడానికని ఏళ్ళ తరబడి వంతులవారీగా మూస్తారు. తెరిచి ఉన్నా థ్యెన్‌డు జోలికి వెళ్ళకండి. అది మీ వయసుకి తగ్గ దారి కాదు, కోప్పడినా సరే ఈ మాట వెనక్కి తీసుకోను.

గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు. అందుకే తిరుగు రైలు అదే సాయంత్రానికి తీయడం లేదు. మూడో రాత్రి మళ్ళీ థాంగ్‌కౌలోనే.

తిండి. అమ్మకి ఇదే పెద్ద బెంగ. థాంగ్‌కౌ అంగళ్ళలో గుండ్రంగా, బంగారు రంగులో, నువ్వులద్ది చిన్న రొట్టెలు అమ్ముతారు, చూస్తే మన బేకరీ బిస్కెట్టే అనిపిస్తుంది. లోపల ఎండు ఆవాకుతో పాటు పంది కొవ్వు ఉంటుంది. ముట్టుకోకు. కూరలు కూడా కొన్నిచోట్ల ఆ కొవ్వుతోనే వేయిస్తారు, "వో చి సూ" అంటే శాకాహారిని అని అర్థం, నేను రాసిన చీటీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. రైల్లో, హోటల్లో ఎక్కడైనా మరిగిన నీళ్ళు ఉచితంగా దొరుకుతాయి, అందుకని ఉప్మా మిక్సు, అటుకులు, కందిపొడి, కారప్పొడి తెస్తే చాలు. నెయ్యి, కోవా, పాలతో చేసినవేవీ వద్దు, పళ్ళూ వద్దు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. అమ్మా, నువ్వు దాచి తెచ్చినా స్కానర్లో కనపడతాయి.

మందులు అట్టలతోనే, డాక్టరు చీటీతో. ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. నాన్నగారి షుగరు మాత్ర వేళ మొదటి రెండు రోజులు నేను గుర్తు చేస్తాను.

తమ్ముడూ, బయల్దేరేముందే ఫోన్లో అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని నీ బ్యాంకు వీసా కార్డు కలుపు, పాస్‌పోర్టుతో ధ్రువీకరణ అక్కడే పూర్తి చెయ్యి. 200 యువాన్లు దాటిన చెల్లింపు మీద మూడు శాతం అదనం పడుతుంది, దాని లోపు పడదు. కార్డుకి అంతర్జాతీయ వాడకం తెరిచి ఉందో లేదో బ్యాంకులో అడుగు. ఇక్కడి వైఫైలో వాట్సాప్, గూగుల్ పనిచేయవు. నీ సిమ్ముకి రోమింగ్ వేయించుకుంటే పనిచేస్తాయి. నాన్నగారి ఫోన్‌కి కూడా వేయించు, రెండు జట్లుగా విడిపోయిన రోజున కావాలి.

అమ్మా, ఇప్పటినుంచీ రోజూ సాయంత్రం మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగు, దిగేటప్పుడు నెమ్మదిగా, గోడ పట్టుకుని. మోకాలి పట్టీ కొత్తది కొనమని తమ్ముడికి చెప్పు, పాతది వదులైపోయింది. మామ్మకి నమస్కారాలు. మీరు లేని రాత్రులు ఆవిడ దగ్గర ఎవరు పడుకుంటారో రాయండి, పిన్నిని నేనే అడుగుతాను.

పాస్‌పోర్టు ఫొటోలు ఈ వారంలోనే పంపండి. రైలు టికెట్లు 15 రోజుల ముందే తెరుస్తారు, కానీ పైన హోటలు గదులు ఇప్పుడే చూసుకోవాలి. రెండు గదులు, అమ్మది మెట్లు లేని అంతస్తులో అడుగుతున్నాను.

మీ
పెద్దమ్మాయి