మంత్రి గారూ, మా కారు ఎక్కడ ఆపుకోమంటారు?

పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే 216 నంబరు జాతీయ రహదారి మీద ఇంటిల్లిపాదీ తిరిగొచ్చాక ఈ ఉత్తరం రాస్తున్నాను. విమానంలో దిగి, రిసార్టులో పడుకుని, మళ్లీ విమానం ఎక్కి వెళ్లిపోయే వాళ్ల గురించి ఆలోచించేవాళ్లు మీ శాఖలో ఉండే ఉంటారు. సొంత కారులోనో అద్దె వ్యానులోనో పెద్దవాళ్లనీ పిల్లల్నీ ఎక్కించుకుని, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుదాంలే అని బయల్దేరే మాలాంటి వాళ్ల సంగతి ఎవరికైనా పట్టిందా అన్నదే నా అనుమానం.

తీరం వెంట రోడ్డు అని పేరే గానీ, దాదాపు 390 కిలోమీటర్ల ఈ దారిలో సముద్రం కనిపించేది తక్కువే. కొబ్బరి తోటలు, వరి చేలు, ఏరేటర్లు తిరిగే రొయ్యల చెరువులు, గోదావరి పాయల మీద వంతెనలు... అవీ అందమే, కాదనను. సముద్రం చూడాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట ఎడమకి తిరగాలి, ఎక్కడ తిరగాలో ముందే తెలిసుండాలి. కోరంగి మడ అడవులు, అంతర్వేది పేరున్నవి కాబట్టి ఎలాగోలా చేరతాం. మిగతావాటి మాటేమిటి? ఆదుర్రు బౌద్ధ స్తూపం, పెడన కలంకారీ పని, వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, ఇవన్నీ రోడ్డుకి దగ్గర్లోనే ఉన్నా తెలియనివాడు అలా దాటుకుని పోతాడు.

మోటుపల్లి సంగతైతే మరీ బాధ. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని రాజులు లాగేసుకునే రోజుల్లో, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం, భయం లేకుండా రండి అని 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించిన రేవు అది. బడిలో అందరం చదువుకున్నాం. ఆ రోజుల్లో పరాయి దేశపు వర్తకుడికి అంత భరోసా ఇచ్చిన ఊరికి దారి చూపించే ఒక మంచి బోర్డు, పక్కన నాలుగు కార్లు నిలిపే చోటు, శాసనం కథ చెప్పే ఒక పలక, ఇంతే కదా కావలసింది. దీనికి కోట్లు అక్కర్లేదు, కన్సల్టెంట్లు అంతకన్నా అక్కర్లేదు.

ఇక ఆడవాళ్ల ఇబ్బంది గురించి మొహమాటం లేకుండా చెప్తాను. ఇలాంటి ప్రయాణాల్లో మా ఇంట్లో ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం తగ్గించేస్తారు. పెట్రోల్ బంకు కనిపిస్తే ఒకరు దిగి చూసొస్తారు, తాళం ఉంటుంది, లేదంటే లోపలికి పోలేనట్టు ఉంటుంది, మళ్లీ ఎక్కి కూర్చుంటారు. షుగర్ ఉన్న పెద్దావిడ వెంట ఉంటే ఇక చూసే అందాలేమీ బుర్రకెక్కవు, టెన్షనే. మీరు కొత్తగా ఏ గాజు వంతెన కట్టినా సరే, ముప్ఫై, నలభై కిలోమీటర్లకొక శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్లు, నీడ ఉంటే వచ్చే జనం ఎక్కువ. నడపడం ఆ ఊరి డ్వాక్రా సంఘానికి ఇవ్వండి, డబ్బులిచ్చే వాడుకుంటాం. కట్టి రిబ్బన్ కోసి వదిలేసేదైతే మాత్రం వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను. సూర్యలంక, రామాపురం, వాడరేవు ఒడ్డున స్నానానికి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు మనకి అలవాటైపోయాయి. ఎవరైనా చనిపోతే కొన్నాళ్లు జనాన్ని దిగనివ్వరు, తర్వాత అంతా మామూలే. 'ప్రమాదం, స్నానం చేయరాదు' అన్న బోర్డుని మనవాళ్లు చదవను కూడా చదవరు, ఎందుకు ప్రమాదమో అందులో ఉండదు గనక. అలలతో ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కి పోవడానికి ఇసుక తిన్నెల మధ్య ఒక సన్నటి సందు దొరికితే అందులోంచి జోరుగా లోపలికి పోతుంది. ఆ సందులో అలలు పెద్దగా విరగవు, నురగ ఉండదు, అటూ ఇటూ ఉన్న చోటు కన్నా అదే నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, పిల్లలు ఉన్నవాళ్లు ఏరికోరి అక్కడే దిగుతారు. లాక్కుపోతుంటే కంగారులో ఒడ్డు వైపుకే ఎదురీది అలిసిపోతారు, అదే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే లాగుడు నుంచి బయటపడే అవకాశం ఉంటుంది. ఈ ముక్క బొమ్మ గీసి బోర్డు మీద పెట్టండి. రోజూ పొద్దున్నే నీళ్లు చూసి దిగవచ్చో లేదో జెండా పాతే మనిషిని పెట్టండి. అలాంటి మనిషి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మునిగేవాళ్లని లాగుతున్నది ఇప్పుడు కూడా చాలాసార్లు ఆ ఒడ్డున ఉండే మత్స్యకార కుర్రాళ్లే. వాళ్లకి శిక్షణ, తాడు, ట్యూబు, ఏడాది పొడుగునా జీతం ఇవ్వండి. పండగలకి మాత్రమే పిలిచి పంపేస్తే కుదరదు.

ఇంతా చెప్పి, సముద్రాన్ని ఆనుకుని కొత్త రోడ్డు వేయమని మాత్రం అడగను. కాకినాడ, ఉప్పాడ మధ్య ఉన్నది అలాంటి రోడ్డే. చూడ్డానికి అంత బాగుండేది ఈ దారిలో ఇంకోటి లేదు, కానీ తుఫాను వచ్చినప్పుడల్లా అలలు రోడ్డుని కోసేస్తాయి, రాకపోకలు ఆపేస్తారు, మళ్లీ రాళ్లు పోస్తారు. ఉప్పాడలో ఇళ్లే సముద్రంలో కలిసిపోయాయి. ఒకచోట రాళ్ల గోడ పేరిస్తే దాని చివర ఉన్న ఒడ్డు మరింత కోతకి గురవుతుంది. 1839 తుఫానుకి కోరంగి రేవు ధ్వంసమవడం, 1977 ఉప్పెనకి దివిసీమ తుడిచిపెట్టుకుపోవడం చూసిన తీరం ఇది. ఇసుక మీద, సరుగుడు తోటలు నరికి, కాంక్రీటు పోసే ప్రతిపాదన మీ బల్ల మీదకొస్తే దయచేసి వెనక్కి పంపండి. రోడ్డు వెనకాలే ఉండనివ్వండి, ఒడ్డుకి మేం నడిచి వెళ్తాం.

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద గోదావరి దాటడం గురించి కూడా రాద్దామనుకున్నాను. మాలాంటి వాళ్లకి అది సరదా. వరదలొచ్చి పంటు ఆగితే రోజూ దాటేవాళ్లకి చుట్టూ తిరిగిపోవాల్సిన కష్టం. దాని మీద మాట్లాడాల్సింది వాళ్లు, మేం కాదు.

పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చామన్నారు, సూర్యలంకకి కేంద్రం వాళ్ల స్వదేశ్ దర్శన్ పథకం కింద పనులు మంజూరయ్యాయి, మంచిదే. అవి పూర్తయ్యేలోపు కార్తీక మాసం వస్తుంది, సముద్ర స్నానాలకి వేలమంది దిగుతారు. బాపట్ల, చీరాల మధ్య ఒడ్డుకైనా అప్పటికి జెండా మనుషుల్ని, ఆడవాళ్ల మరుగుదొడ్లని, బట్టలు మార్చుకునే గదుల్ని ఏర్పాటు చేయించండి. ఏయే చోట్ల పెట్టారో ఆ వివరాలు జిల్లా కలెక్టరు చేత ముందుగానే ప్రకటింపజేయండి.

ఇట్లు,
ఈ దారిలో మళ్లీ రావాలనుకుంటున్న ఒక ప్రయాణికుడు