పోచంపల్లి పేరుకు కాపలా ఎవరు?

సంపాదకులకు,

నకిలీ పోచంపల్లి చీరల మీద పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. కొనేవాళ్లే జాగ్రత్త పడాలని అధికారులు సెలవిచ్చారట! మరి ఆ పేరు ఇక్కడి నేతకే చెందుతుందని 2004-05లో తెచ్చుకున్న భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దేనికి, పటం కట్టించుకోవడానికా?

అసలుదాన్ని పోల్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఆసు పోసి (దారాన్ని వరసలుగా చుట్టి), చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడి బిగించి), దారానికే రంగు అద్దాక మగ్గం ఎక్కిస్తారు. ఇకత్ అంటే ఇదే. అందుకే పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది, చీర తిరగేసినా రంగు తగ్గదు. ప్రింటు చీర తిరగేస్తే వెలవెలబోతుంది. కొట్టువాడికీ తెలుసు, ఆఫీసులో కూర్చున్నవారికీ తెలుసు.

తెలిసినా కదలరు, ఎందుకంటే చట్టమే కాళ్లకు అడ్డం పడుతుంది. జీఐ చట్టం 50వ సెక్షన్ ప్రకారం సోదా చేయాలంటే కనీసం డీఎస్పీ కావాలి. ఆయనైనా ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తెప్పించుకుని, దానికి కట్టుబడాలి. రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. ఉత్తరం పోయి వచ్చేదాకా సరుకు కొట్లోనే ఉంటుందా? 39వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా రాసుకున్నారు, చదువుకోవడానికి బాగానే ఉంది.

'పోచంపల్లి స్టైల్' అని రాసి తప్పించుకునేవారు వేరే. అలాంటి తోక తగిలించినా ఉల్లంఘనే అనే అదనపు రక్షణ, 22వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన సరుకులకే.

పోనీ నేతన్నే కోర్టుకు వెళ్దామంటే, అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్న ఉత్పత్తిదారుగా, జీఐ రిజిస్ట్రీలో సొంత పేరు నమోదై ఉండాలి. ఫీజు 500 రూపాయలుండేది, 2020లో 10 చేశారు. ఆగింది డబ్బుకు కాదండీ. జీఐ-3 ఫారం నింపాలి, తానే ఉత్పత్తిదారునని వివరం రాయాలి, జీఐ ఎవరి పేరున నమోదైందో ఆ సంఘానికి దరఖాస్తు నకలు పంపి, పంపినట్టు రిజిస్ట్రార్‌కు తెలపాలి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఇవన్నీ ఎవరు చేసిపెడతారు? పదేళ్లకోసారి రెన్యువల్ కూడా ఉందని చెప్పేదెవరు?

తాండూరు కందికి ట్యాగ్ వస్తే ఫొటోలు, వరంగల్ చపాటా మిర్చికి వస్తే మళ్లీ ఫొటోలు. ఆ మర్నాటి నుంచి ఆ పేరుకు దిక్కెవరో ఏ శాఖా చెప్పదు. చేనేత శాఖ వారు సహకార సంఘాల దగ్గరే కూర్చుని ఫారాలు నింపించొచ్చు, రిజిస్ట్రార్‌కు రాయాల్సిన లేఖ నమూనాను డీఎస్పీలకు ముందే ఇచ్చి ఉంచొచ్చు. ఇంతకీ పోచంపల్లి ఇకత్‌కు అధీకృత వినియోగదారులు ఎందరు, అందులో నేసేవారెందరు, కొట్లవారెందరు? మీ విలేకరి చేత అడిగించి ఆ లెక్క అచ్చువేయండి.

- ఒక పాఠకుడు, భువనగిరి