హినామోరి తరఫున నీకో ఉత్తరం

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో "బ్లీచ్‌లో హినామోరి అంత విసుగు పుట్టించే పాత్ర ఇంకోటి లేదు" అని పెట్టేశావు కదా, అదే ఆత్మల లోకంలో దళాలుగా ఉండే కత్తి యోధుల జపనీస్ కామిక్ గురించి. మెసేజ్ పెడితే ఓ నవ్వు బొమ్మతో తప్పించుకుంటావని ఉత్తరమే రాస్తున్నా.

తర్వాత ద్రోహిగా తేలిన ఐదో దళం కెప్టెన్ ఐజెన్‌ని ఆ పిల్ల ఊరికే దేవుణ్ని చేసుకోలేదురా. అకాడమీ రోజుల్లో తోటి విద్యార్థులు రెంజీ, కిరాలతో ట్రైనింగ్‌కి వెళ్లినచోట హాలోలనే పెద్ద పెద్ద దెయ్యాలు మీద పడితే వచ్చి కాపాడింది ఆయనే. ఆయన దగ్గర పనిచేయాలనే కష్టపడి ఐదో దళం వైస్ కెప్టెన్ అయింది. కటౌట్‌కి పాలు పోసి ఇంటికెళ్లిపోయే అభిమానం కాదది, పని నేర్పిన అభిమానం.

ఆరాధన అన్నది అర్థం చేసుకోవడానికి ఎంతో దూరం అని ఐజెన్ ఆమె చిన్ననాటి స్నేహితుడు హిట్సుగాయాతో అంటాడే, ఆ డైలాగ్ అందరికీ తెగ నచ్చుతుంది. నాకైతే ఒళ్లు మండుతుంది. తను లేకపోతే బతకలేనంతగా ఆమెను తయారు చేసింది ఆయనే, దగ్గరకు తీసుకుని కత్తి దింపిందీ ఆయనే. పైగా నీతులొకటి!

కత్తిపోటు తిని కూడా మారలేదనేగా నీ గొడవ? నిజమే, లేచాక కూడా "ఐజెన్ కెప్టెన్‌ని కాపాడు" అని హిట్సుగాయాని బతిమాలింది. రచయిత టైట్ కుబో రాతలో నాకు నచ్చింది అదే. ఏళ్ల తరబడి పెంచుకున్న నమ్మకం ఒక్క పోటుకి పోతుందిట్రా? నకిలీ కరకురా ఊళ్లో ఐజెన్‌తో జరిగే యుద్ధానికి వచ్చినప్పుడు ఆయన శత్రువని ఒప్పుకుంటుంది, నోట్లోంచి మాత్రం ఇంకా 'కెప్టెన్' అనే వస్తుంది. కానీ ఆమె చేతులు చూడు. కిడో మంత్రాలతో కంటికి కనపడని వల పన్ని, ఐజెన్ వైపున్న హాలిబెల్ మనుషులు ముగ్గురినీ అందులో చిక్కించి, తన కత్తి తొబియుమేతో నిప్పు పెట్టేస్తుంది. ఒకరు ఆర్డర్ వేస్తే చేసిన పని కాదది.

ఆ తర్వాత ఐజెన్ భ్రమలో పడి హిట్సుగాయాయే ఆమెను పొడుస్తాడు. కుబో మీద నా కోపం ఇక్కడి నుంచే. ఆమె మనసులో ఏం జరిగిందో దాదాపు చెప్పకుండా, చివరి ఆర్క్‌లో, అంటే ఆఖరి కథాభాగంలో, జుట్టు కత్తిరించి తెచ్చి నిలబెట్టాడు. 74 సంపుటాల్లో ఈ పిల్లకి నాలుగు పేజీలు కరువయ్యాయా?

అయితే ఐజెన్ స్థానంలో కొత్త కెప్టెన్‌గా హిరాకోని పెట్టడం మాత్రం భలే పని. కథలో 110 ఏళ్ల కిందట ఐదో దళం కెప్టెన్ ఆయనే, ఐజెన్ ఆయన వైస్ కెప్టెన్. మొదటి నుంచీ అనుమానంతో పక్కనే పెట్టుకుని కనిపెట్టుకున్నా దెబ్బ తిన్నాడు. అంత అనుమానించినవాడే బోల్తా పడితే, నమ్మిన పిల్లని తెలివితక్కువదనడం ఏం న్యాయం? ఐజెన్ కోసం సంపాదించుకున్న పదవి, ఆయన వెళ్లిపోయాక కూడా వదల్లేదు. అక్కడే ఉండి, అదే పని తన కోసం చేసుకుంటోంది. నాకు హినామోరి అంటే అదీ.

నువ్వు చివరి ఆర్క్ చదవకుండానే తీర్పు చెప్పేశావని నా డౌట్. సంక్రాంతికి వస్తావుగా, పుస్తకాలు ఇస్తా. ఈసారి మాత్రం తిరిగివ్వాలి, చెప్తున్నా.

నీ
రవి