నెలకు ఒక గంట నర్సు మాట వినండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 28 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. నన్ను ఇప్పటికీ వదలని ఒక రాత్రి సంగతి ముందు చెప్పి, ఆ తర్వాత నా విన్నపం చెప్పుకుంటాను.

ఒక ఆసుపత్రి లేబర్ రూమ్. కాన్పయిన అరగంటకు ఒక తల్లికి రక్తస్రావం మొదలైంది. డ్యూటీలో ఉన్న అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. గర్భసంచి గట్టిపడాలని పొట్ట మీద మర్దన చేస్తూనే, డాక్టరు గారికి ఫోన్ చేయమని ఆయమ్మను కేకేసింది. డాక్టరు గారు వచ్చారు, రక్తం ఎక్కించారు. అయినా తెల్లవారేలోపు ఆ తల్లి పోయింది. బయట బంధువులు ఈ పిల్లనే నానా మాటలూ అన్నారు.

పొద్దున్నే డ్యూటీ దిగుతూ నాకు ఓవర్ ఇచ్చింది, అంటే పేషెంట్ల వివరాలు చెప్పి అప్పగించింది, ఒక్కో బెడ్డు గురించీ ఏదీ మర్చిపోకుండా. ఆ బెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెగల్లేదు. కోటు అంచున రక్తం ఎండిపోయి ఉంది. నేనేమో కేస్ షీట్ తిప్పి, మూడు గంటల బీపీ ఎందుకు రాయలేదని అడిగాను. తర్వాత సంజాయిషీ అడుగుతూ ఆమెకు మెమో కూడా వెళ్లింది. "అప్పుడు నా రెండు చేతులూ పేషెంటు మీదే ఉన్నాయి" అని ఆమె జవాబు రాసింది. మళ్లీ ఆ రాత్రికే అదే గదిలో డ్యూటీకి వచ్చింది. తిన్నావా, పడుకున్నావా అని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు. నా పైవాళ్లు నాకు నేర్పింది కూడా ఆ మెమోనే.

మన దగ్గర సూపర్‌విజన్ అంటే రౌండ్స్, రిజిస్టర్లు, సంజాయిషీలు. నేను అడుగుతున్న క్లినికల్ సూపర్‌విజన్ వేరు. శిక్షణ పొందిన ఒక సీనియర్ నర్సు దగ్గర నలుగురైదుగురు కూర్చుని, మనసులో మెదులుతున్న కేసు గురించి మాట్లాడుకోవడం. ఏం జరిగింది, ఇంకోసారి ఏం చేయొచ్చు, ఆ బరువు ఎలా దించుకోవాలి అన్నదే అక్కడి మాట. బ్రిటన్‌లో 1990ల నుంచీ నర్సులకు ఈ పద్ధతి ఉంది. కొవిడ్ రోజుల్లో, 2021లో, ఇంగ్లండ్‌లో దీనికోసమే ప్రొఫెషనల్ నర్స్ అడ్వకేట్ అనే శిక్షణ మొదలుపెట్టారు. అక్కడ పనిచేస్తున్న నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి, "మేడమ్, ఇక్కడ తప్పు ఒప్పుకున్నా భయం వేయదు" అని ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ఆ లేబర్ రూమే గుర్తొచ్చింది.

భయం ఉన్నచోట తప్పులు దాస్తారు సార్. దాచిన తప్పు మళ్లీ ఇంకో పేషెంటు మీదే పడుతుంది.

అందుకే ఇలా కూర్చోవడానికి నెలకు ఒక గంటను డ్యూటీ రోస్టర్‌లోనే వేయించండి. నైట్ డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతున్నవాళ్లను ఆపి కూర్చోబెడితే అది ఇంకో శిక్ష అవుతుంది. వినేవారు ఆ నర్సుకు మెమో రాసే అధికారి కాకూడదు, వేరే వార్డు సీనియర్ అయితే మంచిది. పేషెంటు ప్రాణానికి ముప్పు ఉన్న విషయమైతే తప్ప, అక్కడి మాట బయటికి పోకూడదు. అవుట్‌సోర్సింగ్ నర్సులను మాత్రం మర్చిపోవద్దు. రెన్యువల్ టెన్షన్‌తో నోరు విప్పనిది ఎక్కువగా వాళ్లే.

ముందు ఖాళీలు నింపాలి కదా అని మా వాళ్లే అంటారు. నిజమే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు పేషెంట్లకు, మిగతా చోట్ల ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. ముప్పై మందిని ఒక్కదాన్నే చూసుకున్న రాత్రులు నాకు లెక్కలేనన్ని. ఈ గంట ఇచ్చి పోస్టులు ఆపితే మేం ఒప్పుకోం. కానీ పోస్టులు నిండేదాకా ఆగితే, ఈలోపు ఉన్నవాళ్లు విరిగిపోతారు.

స్టాఫ్ నర్సు అన్న పేరును నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చడం మాకు గౌరవమే. ఇప్పుడు ఒక్క జిల్లాలో, లేబర్ రూమ్, ఐసీయూ, క్యాజువాలిటీ నర్సులతో ఆరు నెలలు ఇది నడిపి చూడండి. కొత్త భవనాలు, మిషన్లు అక్కర్లేదు. తలుపు వేసుకోగల ఒక గది, ఆ గంటకు వార్డు చూసుకునే మనిషి ఉంటే చాలు. సీనియర్లకు శిక్షణ ఇచ్చే పని ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలకు అప్పగించవచ్చు. నన్ను పిలిస్తే ఏ జిల్లాకైనా వస్తాను, ఆ మెమో సంగతితోనే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు