మంత్రి గారూ, ఆ రిపోర్టు మీద మూడు గడులు పెట్టించండి

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పన్నెండేళ్లుగా పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకుని రోజు మొదలుపెడుతున్న మనిషిని. థైరాయిడ్ మందగించిన వాళ్లందరికీ తెలిసిన మాత్రే, లెవోథైరాక్సిన్. మందు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది లేకపోతే ఈ ఉత్తరం రాసే ఓపిక కూడా ఉండేది కాదు. నా గొడవంతా ఆ మందు మోతాదును నిర్ణయించే కాగితంతో, అంటే రక్తపరీక్ష రిపోర్టుతో.

నాలుగేళ్ల కిందట నా జుట్టు ఊడటం మొదలైంది. దువ్విన ప్రతిసారీ దువ్వెన నిండా ఉండ. ఎవరో చెబితే జుట్టుకు మంచిదని బయోటిన్ మాత్రలు మొదలుపెట్టాను. ఒక్కో మాత్రలో 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. విటమినే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. అది మందు కాదన్న నమ్మకంతో డాక్టరు గారికి కూడా చెప్పలేదు.

అప్పట్లో నా థైరాయిడ్ మోతాదు 100 మైక్రోగ్రాములు. మామూలుగా చేయించుకునే పరీక్షలో టీఎస్‌హెచ్ 0.09 వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే తగ్గి, తక్కువైతే పెరిగే అంకె అది, రిపోర్టు మీద నార్మల్ అంటే 0.4 నుంచి 4.0. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్, పై గీత దాటింది. మందు ఎక్కువైనవాళ్ల రిపోర్టు అచ్చం అలాగే ఉంటుంది. డాక్టరు గారు 100ని 50 చేశారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ కాగితం ఒక్కటే చేతిలో ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

మూడు నెలలు గడిచేసరికి అందరికీ చెమటలు పడుతుంటే నేను దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఫోన్లో మా అక్కే "ఎవరండీ?" అంది. జుట్టు ఇంకా ఊడుతోంది కాబట్టి, బయోటిన్ ఒక్కరోజు కూడా మానకుండా మరింత శ్రద్ధగా వేసుకున్నాను. మళ్లీ అదే చోట పరీక్ష. టీఎస్‌హెచ్ 2.4. రిపోర్టు నార్మల్. నేను మాత్రం నార్మల్ కాదు. "మనసుకు విశ్రాంతి ఇవ్వండి, టెన్షన్లు తగ్గించుకోండి" అన్నారు.

నా కథ మలుపు తిప్పింది ఏ పెద్ద డాక్టరూ కాదు, ఇంకో ల్యాబులో రక్తం తీసే అమ్మాయి. మోచేతి పైన రబ్బరు కట్టు బిగించి, వేలితో నరం వెతుకుతూ, తల ఎత్తకుండానే అడిగింది, "జుట్టుకి, గోళ్లకి మాత్రలేమైనా వాడుతున్నారా అమ్మా?" వాడుతున్నానన్నాను. "అయితే ఇవాళ తీయను. మూడు రోజులు ఆపేసి రండి" అని కట్టు విప్పేసింది. చిల్లి పడని చేతిని అలా చూసుకుంటూ కాసేపు అక్కడే కూర్చున్నాను. మూడు రోజుల తర్వాత అదే అమ్మాయి తీసిన రక్తంలో టీఎస్‌హెచ్ 41.

జరిగింది ఇదీ. కొన్ని యంత్రాలు బయోటిన్‌కీ, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌కీ ఉన్న అతుక్కునే గుణం మీద ఆధారపడి హార్మోన్లను కొలుస్తాయి. మన రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే ఆ లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ కనబడుతుంది, ఫ్రీ టీ4 ఎక్కువ కనబడుతుంది. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ, బయోటిన్ వల్ల ల్యాబు పరీక్షలు తప్పు చూపిస్తాయని 2017లోనే బహిరంగంగా హెచ్చరించింది. థైరాయిడ్ తక్కువైతే జుట్టు రాలుతుంది, జుట్టు రాలితే బయోటిన్ మింగుతాం, బయోటిన్ వల్ల థైరాయిడ్ ఎక్కువైనట్టు కనబడుతుంది, మోతాదు తగ్గిస్తారు, జుట్టు ఇంకా రాలుతుంది. గానుగెద్దులా ఏడాది తిరిగాను మంత్రి గారూ. ఆ ఏడాదంతా నా రిపోర్టులన్నీ అందంగా, రంగు కాగితం మీద, గంటల్లో చేతికొచ్చాయి. "మీరు ఏం మింగి వచ్చారు?" అనే ప్రశ్న మాత్రం ఏ ఒక్కదానిమీదా లేదు.

మా పిన్నిది ఇంకో రకం తిప్పలు. ఆమెకు మోతాదు పెంచారు. ఇంట్లోవాళ్లకు ఆత్రం ఎక్కువ, మూడు వారాలకే పరీక్ష చేయించారు. టీఎస్‌హెచ్ ఇంకా ఎక్కువే ఉందని మళ్లీ పెంచారు. ఇంకో మూడు వారాలకు ఇంకోసారి. ఆ తర్వాత ఒక రాత్రి గుండె దడదడలాడుతోందని లేచి కూర్చుంది, చేతులు వణుకుతున్నాయి. అప్పుడు చూస్తే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. కాబట్టి కొత్త మోతాదు రక్తంలో కుదురుకోవడానికి ఐదారు వారాలు కావాలి, అందుకే మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయమంటారు. తూము కాస్త ఎత్తినంత మాత్రాన సాయంత్రానికే చెరువు నిండదు కదా. ఒక్కరోజు మాత్ర మర్చిపోతే కొంప మునగకపోవడానికి కారణం కూడా ఇదే, కానీ ఆ భయంతో పరుగెత్తుకొచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో. మోతాదు ఎక్కువై అలాగే కొనసాగితే వయసు పైబడినవాళ్లలో గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పిన్ని ఆ రాత్రితోనే బయటపడింది.

ఈ ఆరు వారాల మాట మా పిన్నికి ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. నోటితో చెప్పారేమో, ఆ గదిలో వినే స్థితిలో ఎవరున్నారు?

టీఎస్‌హెచ్ అంకె స్వభావం గురించి కూడా కొంచెం చెప్పనివ్వండి. అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చేయమంటూ వేసే కేక. రక్తంలో టీ4 కొంచెం తగ్గినా ఆ కేక చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే అది అంత సున్నితమైన పరీక్ష, అందుకే అంత సులువుగా భయపెట్టే పరీక్ష కూడా. పైగా అది రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పొద్దున ఏడింటికి తీసిన రక్తం, మధ్యాహ్నం మూడింటికి తీసిన రక్తం ఒకే మనిషివైనా ఒకే అంకె చూపించవు. పోయినసారి 3.9, ఈసారి 4.6 వచ్చిందని కంగారుపడేవాళ్లకి ముందు చెప్పవలసిన మాట ఇది. 4.6 పక్కన పెద్ద అక్షరంలో "హెచ్" (హై, అంటే ఎక్కువ) అని ఉంటుంది, అక్కడే ఇల్లంతా గగ్గోలు.

ఫ్రీ టీ4దైతే ఇంకా వింత. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో అది కొంత పైకి లేస్తుంది. రక్తం ఇచ్చాక మాత్ర వేసుకుంటే ఆ గొడవే ఉండదు. ఆ ఒక్క ముక్క పరీక్షకు పేరు రాసుకునే చోట గోడమీద రాసినా చాలు. దానికి తోడు కొలమానాలు. ఒక ల్యాబులో 1.2 అని వస్తే, ఇంకో ల్యాబులో అదే రక్తం 15.4 అని రావచ్చు. మొదటిది డెసిలీటరుకు నానోగ్రాములు, రెండోది లీటరుకు పికోమోల్స్, రెండూ ఒకటే. నా స్నేహితురాలు ఒకామె "పన్నెండు రెట్లు పెరిగిపోయింది" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

నార్మల్ గీత కూడా అందరికీ ఒకటే కాదు. కడుపుతో ఉన్న స్త్రీకి మందు అవసరం మొదటి వారాల్లోనే పెరుగుతుంది, సగం నెలలు దాటేదాకా నాలుగు వారాలకోసారి చూడాలి. ఆమె ఆరు వారాలు ఆగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. డెబ్బై దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ ఉండటం వయసు లక్షణం కావచ్చు. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ మాత్రమే కొద్దిగా పెరిగినవాళ్లమీద యూరప్‌లో జరిగిన ట్రస్ట్ అనే అధ్యయనంలో, మందు ఇచ్చినందువల్ల అలసటలో గానీ, మిగతా లక్షణాల్లో గానీ తేడా రాలేదని 2017లో తేలింది. పిట్యూటరీయే దెబ్బతిన్నవాళ్లకైతే టీఎస్‌హెచ్ చూసి మోతాదు నిర్ణయించడమే తప్పు, వాళ్లకు ఫ్రీ టీ4 చూడాలి. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి టీఎస్‌హెచ్‌ను కావాలనే కింద ఉంచుతారు. వీళ్లందరి రిపోర్టుల మీదా 0.4 నుంచి 4.0 అని ఒకే వరస, ఒకే అచ్చు.

1891లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒకామెకు సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. అప్పటికి టీఎస్‌హెచ్ పరీక్ష లేదు, ఆయన మనిషిని చూసి మోతాదు దిద్దుకోవలసిందే. పరీక్ష వద్దని నేననను, అది వరం. కానీ ఈ మధ్య గదిలోకి వెళితే ముందు కాగితం అడుగుతున్నారు, ముఖం తర్వాత చూస్తున్నారు.

ఇక నేను అడిగేది. రక్తం తీసే ప్రతి చోటా ఫారం మీద మూడు గడులు ఉండాలి, అవి రిపోర్టు మీద కూడా అచ్చు కావాలి. రక్తం తీసిన గంట, చివరి థైరాయిడ్ మాత్ర వేసుకున్న గంట, మోతాదు చివరిసారి మారిన తేదీ. నిజానికి నాలుగోది కూడా కావాలి, బయోటిన్ వాడుతున్నారా లేదా. మూడంటే ఒప్పుకుంటారేమోనని శీర్షికలో మూడే పెట్టాను. మోతాదు మారి ఆరు వారాలు కాకపోతే ఆ మాట రిపోర్టు కిందే ఒక్క వాక్యంలో, చదివేవాళ్లకు అర్థమయ్యే భాషలో రావాలి. మందుల చీటీ మీద మళ్లీ పరీక్ష ఎప్పుడో తేదీ, ఆ మనిషికి ఉండవలసిన టీఎస్‌హెచ్ ఎంతో రాయాలి.

మందు పెట్టె గురించి రెండు మాటలు. కొన్నింటిమీద 100 మైక్రోగ్రాములని, కొన్నింటిమీద 0.1 మిల్లీగ్రాములని ఉంటుంది. దశాంశ బిందువు చూడక పది రెట్లు తప్పే ప్రమాదం ఉన్న మందుకి ఈ రెండు రకాల రాత అవసరమా? ఒక కంపెనీ మాత్ర నుంచి ఇంకో కంపెనీ మాత్రకు మారితే దుకాణంలోనే ఆ సంగతి చెప్పి, ఆరు వారాలకు పరీక్ష చేయించుకోమని చెప్పే ఏర్పాటు కావాలి. ఇది నా అనుమానం కాదు. ఫ్రాన్స్‌లో 2017లో ఈ మందులో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ ఆమ్లం వేస్తే, వేలమంది ఇబ్బందులు చెప్పుకున్నారు. ఎఫ్‌డీఏ 2007లో ఈ మాత్రల్లో మందు శాతం 95కి తగ్గకూడదు, 105కి మించకూడదని పట్టు బిగించింది. అంత ఇరుకు దారి ఇది. కాల్షియం, ఐరన్ మాత్రలు నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలని, ఈ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి సరిగ్గా పట్టదని పెట్టె లోపలి మడతల కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా పైనే వేయించండి.

ఇది చదివి ఎవరైనా తమ మోతాదు తామే మార్చుకుంటారేమోనని నాకు భయం ఉంది. నేను కూడా మార్చుకోలేదు. 41 వచ్చిన కాగితం పట్టుకుని అదే డాక్టరు గారి దగ్గరికే వెళ్లాను. ఆయన పాత రిపోర్టులన్నీ బల్లమీద పరిచి, బయోటిన్ సీసా తెప్పించుకుని చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 75 రాసి, కింద తన చేత్తో ఎనిమిదో వారం తేదీ వేశారు. ఆ చీటీ ఇంకా నా దగ్గరుంది.

వచ్చే నెల నాకు మళ్లీ పరీక్ష ఉంది. ఫారం మీద గడులు అప్పటికి రావని తెలుసు. ఎప్పటిలాగే ఆ అంచున ఖాళీ ఉన్నచోట పెన్నుతో రాసిస్తాను: రక్తం ఇచ్చింది పొద్దున 7:20, మాత్ర ఇంకా వేసుకోలేదు, బయోటిన్ లేదు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక థైరాయిడ్ రోగి