రాజుగాడికి, గాల్వే నుంచి

ఒరేయ్ రాజుగా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, రోజూ రాద్దామనుకోవడం, డ్యూటీ నుంచి వచ్చి పడిపోవడం. అందరం బాగున్నాం, చంటిదానికి జ్వరం తగ్గింది, మిగతావి ఫోన్లో. ఇది మాత్రం ఇప్పుడే చెప్పాలి.

మొన్న ఆదివారం ఇక్కడే ఐర్లండ్‌లో, మేయో కౌంటీలో (మన జిల్లా లాంటిది) కాంగ్ అనే చిన్న ఊరెళ్ళాం. ఇక్కడ బోర్డుల మీద పైన ఐరిష్‌లో, కింద ఇంగ్లీషులో పేరుంటుంది. ఇంగ్లీషు కాంగ్‌కి అర్థమే లేదు, ఐరిష్‌లో కుంగ, అంటే రెండు నీళ్ళ మధ్య సన్నటి నేల. నిజంగానే పైన మాస్క్ సరస్సు, కింద కారిబ్, మధ్యలో ఈ ఊరు. ఏడో శతాబ్దంలో ఫెహీన్ అనే ఆయన ఇక్కడ మఠం పెట్టాడట, అందుకే కుంగ ఫెహీన్ అని కూడా అంటారు. ఐర్లండ్ ఆఖరి మహారాజు రోరీ ఓ కానర్ చివరి రోజులు గడిపి 1198లో పోయింది ఈ మఠంలోనే. ఏటి మీద సన్యాసులు చేపలు పట్టిన రాతి గది ఇంకా ఉంది, నేలలో కన్నం, తొంగిచూస్తే కిందే నీళ్ళు గలగలా!

కానీ నా గుండె ఆగింది కాలవ దగ్గర. బంగాళదుంపకి తెగులొచ్చి పది లక్షల మంది పోయిన కరువులో, జనానికి పని చూపించాలని 1848లో రెండు సరస్సుల్నీ కలిపే కాలవ మొదలెట్టారు. లాకులు కూడా కట్టార్రా, అచ్చం మన ధవళేశ్వరం లాకుల్లాంటివి, రాళ్ళ సందులో బ్లేడు దూరదు. తీరా చూస్తే ఆ నేలంతా సున్నపురాయి, అన్నీ బొరియలే, నీళ్ళు నిలవవు, 1854లో వదిలేశారు. మాస్క్ నీళ్ళు ఇప్పటికీ భూమి కిందనుంచే వచ్చి కాంగ్‌లో ఊటలై పైకొస్తాయి. కుంగ అనే పేరు మన చెవికి ఎలా వినిపిస్తుందో చూడు!

కాలవలోకి దిగి నించున్నా, మోకాలెత్తు గడ్డి. కాటన్ దొర మన ఆనకట్ట కట్టిందీ ఆ రోజుల్లోనే కదరా, 1847 నుంచి 52 దాకా. మనకి మూడు కార్లు పండింది, వీళ్ళకి... డొక్కలెండిపోయి ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఒక్క పడవైనా చూళ్ళేదు. ఏడుపొచ్చింది. నువ్వుంటే లాకుల దగ్గర నీ ఎడంకాలి చెప్పు కొట్టుకుపోయిన రోజు గుర్తుచేసి నవ్వించేవాడివి.

అన్నట్టు మీ ఊరికి ఆ పేరెలా వచ్చిందో పెదనాన్నగారినడుగు, ఆయన ఉండగానే రాసిపెట్టు. మా వీధిలో ఒక ముసలాయన చెప్పింది కూడా రాయాలి, ఆ కాలవలో వాళ్ళ... అయ్యో, బస్సు టైమైపోయింది, మళ్ళీ రాస్తా.

నీ
సత్తి