రాళ్ల తీరంలో జీవాలను కాపాడాలి

విశాఖ తెన్నేటి పార్కు, మంగమారిపేట రాళ్ల తీరాల్లో నక్షత్ర చేపలను, ముళ్ల బంతుల్లా ఉండే సీ అర్చిన్లను నీళ్లలోంచి బయటికి తీయడాన్ని అధికారులు అరికట్టాలి. సముద్రం వెనక్కి తగ్గిందంటే చాలు, గుంతల్లో బండను కరుచుకుని ఉన్న సీ అర్చిన్లను పిల్లలు పుల్లలతో పెకలించడం, పెద్దలు పక్కనే నిలబడి ఫొటోలు తీయడం సెలవు రోజుల్లో కళ్లారా చూస్తున్నాను. నక్షత్ర చేప నిజానికి చేపే కాదు. చర్మం మీది సన్నని బుడిపెలు, అడుగునున్న వందలాది గొట్టపు కాళ్లే దానికి ఊపిరితిత్తులు. ఆ కాళ్లను కదిలించేది సముద్రపు నీరే. ఎండలో చేతులు మారుతుంటే ఊపిరాడక చస్తుంది. దోసకాయ ఆకారంలో ఉండే ‘సముద్ర దోసకాయలు’ అనే జీవులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అండగా ఉంది కాబట్టి వాటిని పట్టుకోవడం నేరమేనని కూడా చెప్పాలి. తీరం దారుల్లో బొమ్మలతో తెలుగు బోర్డులు పెట్టి, సెలవు రోజుల్లో నీరు తగ్గే వేళకు కాపలా సిబ్బందిని ఉంచాలి.